తువ్వాలు కింద నాలుగో ఫారం

జమ్మలమడుగులో నరసింహయ్య గొంతు విన్నవాళ్లు తక్కువ. ఎద్దుల దలాలీ ఆయన పని. సింహాద్రిపురం సంతలో గానీ పులివెందుల సంతలో గానీ మంచి జత ఒకటి చేతులు మారిందంటే మధ్యలో ఆయన తువ్వాలు ఉండి తీరాలి. అమ్మేవాడి చెయ్యి, కొనేవాడి చెయ్యి ఆ తువ్వాలు కిందకు పోతాయి. వేళ్లు పట్టుకుంటారు, వదులుతారు, మళ్లీ పట్టుకుంటారు. ఒక వేలంటే ఒకటి, రెండు వేళ్లంటే రెండు. చుట్టూ జనం మూగి నిలబడినా ధర ఎంత పలికిందో ఎవరికీ అంతుబట్టదు. నోటితో చెప్తే పక్కవాడు చెడగొడతాడు. అందుకని అక్కడ నోటికి పని లేదు.

ఏళ్ల తరబడి నోటికి పని లేకపోయేసరికి ఆయనకు ఇంట్లో కూడా అదే అలవాటయింది. సంగటి కావాలంటే తట్ట కొంచెం ముందుకు జరుపుతాడు. చాలంటే వెనక్కి జరుపుతాడు. పెళ్లయిన కొత్తలో ఆయన భార్య కృష్ణవేణమ్మ మూగవాడికి కట్టబెట్టినారని పుట్టింటికి పోయి ఏడ్చిందని ఊళ్లో ఒక మాట ఉంది. ఆమె ఇప్పటికీ దాన్ని కాదనదు.

ఆయన మాట్లాడని మాటలన్నీ షంషుద్దీన్ మాట్లాడేవాడు. దలాలీలో ఇద్దరూ జత. ఒకడు వేళ్లతో బేరం తెంపుతుంటే ఇంకొకడు ఆ ఎద్దు తల్లినీ, తల్లి పాడినీ పొగుడుతూ నిలబడాలి. కాడికి రెండు పక్కలా ఒకే రకం ఎద్దులుంటే బండి నడుస్తుందేమో గానీ సంత నడవదు.

తువ్వాలుకు కట్టుబాట్లు ఉన్నాయి. చెయ్యి చాపినవాడికి చెయ్యి ఇవ్వాలి, వాడెవడైనా సరే. గుడ్డ కప్పినాక బేరం అటో ఇటో తేలేదాకా చెయ్యి లాక్కోకూడదు. లోపల కాదన్నదానికి బయట కోపం చూపకూడదు. అక్కడ పెద్దాచిన్నా లేదు. ఆసామి చెయ్యయినా జీతగాడి చెయ్యయినా ఆ గుడ్డ కింద అయిదు వేళ్లే.

నరసింహయ్య కూతురు భాగ్యలక్ష్మికి ఈ కట్టుబాట్లన్నీ తెలుసు. చిన్నప్పుడు ఏరువాకకు ఆమె మట్టెద్దులు చేసేది. వాటిని కొనే ఆసామి ఆయనే. తువ్వాలు కింద చెయ్యి పెట్టమనేవాడు. ఆమె నాలుగు వేళ్లు ఇస్తే ఆయన రెండు పట్టుకునేవాడు. ఆమె మూతి ముడిచేది.

“అలగగూడదు. అలిగితే ధర పడిపోతాది” అనేవాడు.

కూతురితో ఆయన ఆడిన పెద్ద మాటల్లో అది ఒకటి. ఆమె ఓణీ వేసినాక ఆ ఆట నిలిచిపోయింది. మట్టెద్దులు ఏ వానకు కరిగిపోయినాయో ఎవరూ చూడలేదు.

ఆ ఏడు భాగ్యం మూడో ఫారం గట్టెక్కింది. ఆంధ్ర రాష్ట్రం పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చిన తొలి రోజులవి. బడుల్లో కొత్త పద్ధతులు దిగుతున్నాయి. మూడో ఫారం దాకా అందరికీ ఒకే చదువు. నాలుగో ఫారంలో అడుగు పెట్టేటప్పుడు మాత్రం పిల్లలు ఏదో ఒక దారి పట్టాలి. ఒకసారి పట్టినాక మార్చుకోవడం కష్టం.

ఆ దారి చూపించడానికని బడికి త్రివిక్రమరావు అనే అయ్యవారు వచ్చాడు. ఊరు బందరు. హైదరాబాదులో ఎండాకాలం అంతా శిక్షణ పొంది, ఒక చెక్కపెట్టె వెంట తెచ్చుకున్నాడు. ఆయన ఉద్యోగం పేరు కెరీర్ మాస్టరు. ఊరివాళ్లు అంత తిరగని నోళ్లను కష్టపెట్టడం ఎందుకని ‘దారి సారు’ అన్నారు. ఆయన మొదటిరోజే నల్లబల్ల మీద తెల్లగా రాసి పెట్టాడు.

ఒకటి, కాంపోజిట్ లెక్కలు. రెండు, టైపూ ఖాతాలూ. మూడు, వ్యవసాయం. నాలుగు, గృహవిజ్ఞానం.

“మొదటిది తీసుకోనివాళ్లకు రేపు కాలేజీలో లెక్కల తలుపు తెరుచుకోదు. ఇప్పుడే చెబుతున్నాను, తరవాత నన్ననకండి” అని చెప్పాడు.

పిల్లలు తలలూపారు. కాలేజీ తలుపు ఏ పక్కన ఉంటుందో వాళ్లలో చాలామందికి తెలియదు.

దారి సారు చెక్కపెట్టె తెరిచాడు. లోపల రకరకాల ఆకారాల్లో కోసిన చెక్కముక్కలు. వాటిని సరిగ్గా పేరిస్తే ఒక చదరం అవుతుంది. ఎవరికి ఏ పని అబ్బుతుందో దాంతో తెలుస్తుందట. పురోహితం చేసే దక్షిణామూర్తి గారి కొడుకు వేదవ్యాస ముక్కలన్నిటినీ చిన్నాపెద్దా వరసలో పేర్చి దండం పెట్టుకుని లేచాడు. భాగ్యం వంతు వచ్చింది. సారు చేతిగడియారం చూసుకుని తలెత్తి, “ఊఁ, మొదలుపెట్టు” అన్నాడు. ఆమె అప్పటికే చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. చదరం బల్ల మీద ఉంది.

సారు సంతోషపడ్డాడు. ‘చేతినేర్పు మెండు. వంట, కుట్టుపనికి తగును’ అని రాసుకున్నాడు.

పెద్దయితే ఏమవుతారో చీటీ మీద రాయమన్నాడు. ఆ ప్రశ్న పిల్లలను అంతకు ముందు ఎవరూ అడగలేదు. కొందరు కలెక్టరు అని రాశారు. వేదవ్యాస బస్సు కండక్టరని రాసి, తండ్రి గుర్తొచ్చి కొట్టేశాడు. భాగ్యం ‘లెక్కల పంతులమ్మ’ అని రాసింది. ఆ ఊళ్లో లెక్కలు చెప్పే ఆడమనిషిని ఎవరూ చూసి ఎరగరు. సారు కూడా బందరులో చూసి ఎరగడు. ఆయన ‘పంతులమ్మ’ కింద గీత గీసి ‘ఆడపిల్లలకు అనువైన పని’ అనుకున్నాడు. ‘లెక్కల’ అన్న మాటను పెన్సిలు తాకకుండా పోనిచ్చాడు.

శనివారం పిల్లల నాయనలు బడికి వచ్చి ఒప్పుకోలు చేవ్రాలు చెయ్యాలని కబురు పోయింది.

నరసింహయ్య మనసులో ఏముందో భాగ్యానికి ముందే తెలిసింది. శుక్రవారం సాయంత్రం ఆయన అరుగు మీద కూర్చుని పలుపు పేనుతూ షంషుద్దీన్‌తో చెప్పాడు. లోపల దీపం తుడుస్తున్న భాగ్యం చెవులకు పడింది.

“నాలుగోది రాపిచ్చల్ల.”

“యాలన్నా? పాప లెక్కల్లో చురుకంటాండారు గదా.”

నరసింహయ్య ఒక పురి పేనేదాకా ఆగి చెప్పాడు. “మగపిల్లోడు తప్పితే మల్లా పరీచ్చ కడ్తాడు. ఆడపిల్ల తప్పితే మల్లా కట్టనిస్తారా? ఇంగ సాల్లే, ఇంట్లో కూసో అంటారు. నేను కాదన్నా అంటారు. నాలుగో దాంట్లో తప్పినోళ్లే ల్యారంట.”

అంత పొడుగు మాట ఆయన నోట ఆ ఏడాది అదే మొదలు.

భాగ్యం వంటింట్లోకి పోయింది.

“అమ్మా, నువ్వు నాయినతో జెప్పుమా. ఒకటోదే రాపిచ్చమను. నేను తప్పను.”

“నీ నాయినతో మాట జెప్పల్లంటే మనిషిగా పుట్టింటే కాదే” అంది కృష్ణవేణమ్మ పొయ్యి ఎగదోస్తూ. “ఎద్దుగా పుట్టల్ల. అప్పుడన్నా ఒళ్లు నిమిరి, పండ్లు జూసి, ఏందే నీ కత అని అడుగుతాడు.”

“నవ్వులాట కాదుమా.”

“నేను నవ్వితినా? పదైదేండ్ల సంసారం మే ఇది. ఆ మనిషితో ఏదన్నా తెగల్లంటే చేతులతోనే తెగల్ల. నోటి మాట ఆయప్పకు ఎక్కదు.”

భాగ్యం మజ్జిగ చెంబు తీసుకుని బయటికి వచ్చింది. నరసింహయ్య దొడ్లోకి పోయి ఉన్నాడు. షంషుద్దీన్ మజ్జిగ తాగుతుంటే పక్కన నిలబడి ఏదో అడిగింది. ఆయన ఖాళీ చెంబు ఇవ్వడం మరిచిపోయి ఆమె ముఖం వంక చూశాడు. ఆ వెంటనే మీసం కింద నవ్వు దాచుకుని ఏదో చెప్పాడు. నరసింహయ్య తిరిగి వచ్చేసరికి ఇద్దరూ పాడావుల గురించి మాట్లాడుకుంటున్నారు.

మరునాడు బడి వసారా నిండింది. ఆషాఢం రాకముందే గాలి మొదలైంది. నాపబండల మీద ఇసుక గీసుకుంటూ పోతోంది. నాయనలంతా బెంచీల మీద పండగ అల్లుళ్ల మాదిరి బిగుసుకుని కూర్చున్నారు. ఎదురుగా బల్ల. బల్ల వెనక దారి సారు. ఆయన వెనక నల్లబల్ల మీద నాలుగు దారులు.

“దక్షిణామూర్తి గారూ, మీ అబ్బాయి పేరు ముందుందండీ, దయచెయ్యండి.”

“వస్తాను, వస్తాను. పదిన్నర కానీండి” అన్నాడు దక్షిణామూర్తి కదలకుండా. “శనివారం, రాహుకాలం నడుస్తాంది.”

“ఇది ప్రయాణం కాదు కదండీ!”

“దారి అని మీరే రాసినారు కదా నాయనా. దారి పట్టేదానికి ఏ దారయితే ఏం?”

సారు ఆ పేరు పక్కన పెట్టి తరవాతి పేరు పిలిచాడు. బట్టలకొట్టు రామాంజులు శెట్టి కొడుకుతో సహా లేచి వచ్చాడు. ఆయనకు ఈడ ఒక అంగడి, ప్రొద్దుటూరులో అన్నదమ్ములవి మూడు.

“మావానికి ఏది ఇష్టమో నన్నడగండి సార్, జెప్తా.”

“అబ్బాయినే అడగాలండీ. అదే పద్ధతి. బాబూ, నీకేది ఇష్టం?”

పిల్లవాడు తండ్రి చెప్పుల వంక చూశాడు. “మా నాయిన ఎట్ల జెప్తే అట్ల సార్.”

“సూసినారా! ఎంత బాగా జెప్పినాడో” అని శెట్టి మురిసిపోయి రెండో నంబరుకు చేవ్రాలు చేశాడు.

తరవాత వచ్చినవాడూ అదే అన్నాడు. ఆ తరవాతివాడూ అదే. పిల్లల అభిరుచే ముఖ్యమని హైదరాబాదులో సారుకు నేర్పారు. ఈ ఊళ్లో అందరి అభిరుచీ ఒక్కటేనని, అది నాయనేనని ఆయనకు పొద్దు ఎక్కేకొద్దీ తెలిసివస్తోంది. చెమట తుడుచుకున్నాడు.

“నరసింహయ్య గారూ.”

నరసింహయ్య లేచాడు. పక్కనే షంషుద్దీన్ లేచాడు. ఏ బేరానికీ ఆయన ఒంటరిగా పోడు. వెనక భాగ్యం. నరసింహయ్య బల్ల ముందు నిలబడి సారును పాదాల దగ్గర మొదలుపెట్టి నిదానంగా పైకి చూశాడు. కాళ్లు, నిలువు, మెడ. పళ్లు చూడడానికి వీలు కాలేదు గనక ఊరుకున్నాడు.

“తూర్పు సరుకు అన్నా. నడుమ్ము సన్నం గానీ పనిలో నిలబడ్తాడు” అన్నాడు షంషుద్దీన్ మెల్లగా.

“ఏమన్నారండీ?”

“ఏంలే సార్, మంచి సార్ దొరికినారు అంటాండా.”

“మంచిదండీ. మీ అమ్మాయికి ఏ దారి అనుకున్నారు?”

నరసింహయ్య బొటనవేలు మడిచి చెయ్యి చూపాడు. నాలుగు వేళ్లు. సారుకు ప్రాణం లేచి వచ్చింది. తన చెక్కముక్కలు చెప్పింది, తండ్రి చెప్పింది ఒకటే కావడం ఆ పొద్దుకు అదే మొదటిసారి.

“నా పరీక్షలోనూ అదే తేలిందండీ! ఏం భాగ్యలక్ష్మీ, నీకూ ఇష్టమేగా? భయపడకుండా చెప్పమ్మా.”

వసారాలో గొంతులు తగ్గాయి. భాగ్యం తల ఎత్తింది. బెంచీల మీద శెట్టి ఉన్నాడు, దక్షిణామూర్తి ఉన్నాడు, సంతకు వచ్చే ఆసాములు ఉన్నారు. వాళ్లందరి ముందు కాదు అంటే నాయిన తల దిగిపోతుంది. అవునంటే ఈ నిమిషంతో లెక్కలు అయిపోతాయి. పెన్ను సారు చేతిలో తయారుగా ఉంది.

“మా నాయిన ఎట్ల…” అంది భాగ్యం.

మాట అక్కడ నిలిచిపోయింది. మిగతా సగం చెప్పలేదు. దానికి బదులు కుడిచెయ్యి ముందుకు చాపింది. సంతలో చాపినట్లు, అరచెయ్యి కిందకు, వేళ్లు విడివిడిగా.

నరసింహయ్య తువ్వాలు భుజం మీద నుంచి జారి ఆ చేతి మీద పడింది. దాని కింద ఆయన చెయ్యి దూరింది. ఇదంతా ఆయన మనసుకు తెలియకముందే ఆయన చేతికి తెలిసిపోయింది. ఎదురుగా చాపిన చెయ్యి కనిపిస్తే ఆ చెయ్యి ఇంకోటి చెయ్యదు.

ఎవరి చెయ్యి పట్టుకున్నాడో ఆయనకు తెలిసేసరికి ఆలస్యమైంది. గుడ్డ కప్పేశాడు.

“యా అల్లా! కప్పినావే అన్నా!” అన్నాడు షంషుద్దీన్.

బెంచీల మీదివాళ్లు సగం లేచారు. సారు పెన్ను పట్టుకుని అటూ ఇటూ చూశాడు.

“ఏమిటండీ ఇది? ఏం జరుగుతోంది?”

“ష్! బేరం సార్. మాట్లాడగూడదు.”

“బేరమేమిటండీ, ఇది బడి!”

“బడే సార్, కాదంటినా? మీ పాటికి మీరు దారి జూపిచ్చినారు. వాళ్ల పాటికి వాళ్లు తెంపుకుంటాండారు. మీరు కూసోండి.”

దక్షిణామూర్తి ఎండ చూసి, “పదిన్నర దాటింది. శుభం” అన్నాడు.

తువ్వాలు కింద నరసింహయ్య నాలుగు వేళ్లు కలిపి పట్టుకున్నాడు. నాలుగు. ఆ వేళ్లు ఆయన గుప్పిట్లో నుంచి జారిపోయి, చూపుడువేలు ఒక్కటే మిగిలింది. ఒకటి. ఆయన మళ్లీ నాలుగు పట్టుకుని గట్టిగా నొక్కాడు. ఆసామి బలం చూపించేటప్పుడు నొక్కే నొక్కుడు అది. అవతలి చెయ్యి అలగలేదు, లాక్కోలేదు. మళ్లీ ఒక్క వేలే ఇచ్చింది.

ఆ వేళ్లు ఆయన పట్టుకుని ఎన్నేళ్లయిందో. అప్పుడు చెనక్కాయంత ఉండేవి. ఇప్పుడు పొడుగైనాయి. మధ్యవేలి పక్కన చిన్న కాయ కాసి ఉంది. మేడి పట్టినవాడి అరచేతిలో కాస్తుంది అటువంటిది. ఇది యాడిదబ్బా అని తడిమి చూశాడు. పెన్సిలు కాయ. ఆయనకు కాయ అంటే తెలుసు. పని చేసిన చోటే అది కాస్తుంది.

రెండు వేళ్లు పట్టుకున్నాడు. టైపూ ఖాతాలూ. సగం దిగివచ్చాడన్నమాట. బయట ఆయన ముఖంలో ఏమీ లేదు. గాలికి తువ్వాలు అంచు కొంచెం కొట్టుకుంటోంది.

భాగ్యం రెండో వేలు మడిచేసింది. ఒకటి. ఆ తరవాత ఆ ఒక్క వేలి గోటితో ఆయన అరచేతిలో మెల్లగా గీరింది.

నరసింహయ్య మెడ నిలిచిపోయింది.

దలాలీలో ఆ గీరకు ఒకటే అర్థం. ‘నా ఎద్దును తోలుకుపో. నాగలికి కట్టి చూసుకో. పనికి రాకుంటే వెనక్కి తోలుకురా, మారుమాట్లాడను.’ అందరూ గీరరు. తన ఎద్దు మీద నమ్మకం ఉన్నవాడే గీరతాడు. కుంటి ఎద్దునో, మొండి ఎద్దునో తెచ్చినవాడు తువ్వాలు కింద ఎంత నొక్కినా నొక్కుతాడు గానీ అరచేతిలో గీరడు. ఆ గీర పడినాక కూడా కొనకుండా పోయేవాడిని సంతలో చేతగానివాడంటారు.

ఆయన ఒక వేలు పట్టుకున్నాడు. పట్టుకుని ఒక్కసారి కిందికి దించాడు. బేరం తెగింది.

తువ్వాలు తీసి భుజం మీద వేసుకున్నాడు.

“ఒకటి” అన్నాడు.

సారు నల్లబల్ల వైపు తిరిగి చూశాడు, మళ్లీ ఇటు చూశాడు. “ఒకటంటే… కాంపోజిట్ లెక్కలా? ఇంతకు ముందే కదండీ నాలుగన్నారు!”

“అది పైన.”

“మరి ఇది?”

“ఇది కింద.”

అంతకు మించి చెప్పడానికి ఏమీ లేనట్లు నరసింహయ్య పెన్ను తీసుకుని చేవ్రాలు చేశాడు. సారు కాగితం వంక దిగులుగా చూశాడు.

“అమ్మాయి అభిరుచి ఎలా తెలుసుకున్నామో హైదరాబాదుకు రాయాలండీ. నేనేమని రాయను?”

“ఆ అబిరుసి మీకు తెలీలేదు, నాకూ తెలీలేదు సార్. తెలిసినోళ్లకు తెలిసింది. అట్లే రాయండి” అన్నాడు షంషుద్దీన్.

సారు పెన్ను కొరుక్కున్నాడు. తరవాత తన సంచి తెరిచి భాగ్యం రాసిన చీటీ వెతికి తీశాడు. దాన్ని మళ్లీ చదివాడు. ఈసారి ‘లెక్కల’ అన్న మాట కింద కూడా గీత గీశాడు. ఆ పని ముందే చేసి ఉంటే ఇంత రభస తప్పేదని ఆయనకు తోచిందో లేదో గానీ, తరవాత పిలిచిన ప్రతి తండ్రి భుజం వంకా ఒకసారి చూసుకున్నాడు. దక్షిణామూర్తి ఉత్తరీయం సర్దుకుని, “మాకట్లాంటి ఆచారం లేదు” అని ముందే చెప్పేశాడు. వేదవ్యాస నిట్టూర్చాడు.

ఇంటికి పోయేటప్పుడు నరసింహయ్య ముందు నడిచాడు. వెనక షంషుద్దీన్, ఆ వెనక భాగ్యం. పెన్న వైపు నుంచి గాలి దుమ్ము లేపుతోంది. కొంత దూరం పోయినాక ఆయన నిలబడ్డాడు.

“మూడు నెలల పరీచ్చల దాకా” అన్నాడు. “కట్టి చూసేది అందాకే.”

“సరే నాయినా.”

“వేళ్ల లెక్క నేన్నేర్పినా.”

“ఊఁ.”

“గీర నేర్పలే.”

షంషుద్దీన్‌కు ఉన్నట్లుండి రోడ్డు పక్క తుమ్మచెట్టు మీద ఏదో పిట్ట కనిపించింది. నరసింహయ్య నిదానంగా ఆయన వైపు తిరిగాడు.

“షంషూ.”

“ఏమన్నా?”

“నువ్వు నా పక్క దలారివి.”

“నీ పక్కే అన్నా, తౌబా, ఇంగెవురి పక్క? అయినా మన వృత్తిలో దలాలీ రెండు పక్కలా తీసుకుంటాం గదా. నిన్న సాయంత్రం పాప వచ్చి, మామా, నాయినకు కాదని చెప్పల్లంటే సంతలో ఏం జేస్తారు అని అడిగింది. నేను వృత్తి ధర్మం జెప్పినా. అంతే.”

“దలాలీ ఏమిచ్చింది?”

షంషుద్దీన్ పిట్టను చూడడం మానేశాడు. “మా బిడ్డ మెహరున్నీసా మూడో ఫారంలో ఉండాది గదా. దానికి లెక్కలు జెప్తాననింది.”

నరసింహయ్య మళ్లీ నడిచాడు. ఆయనకు ఇంకో సంగతి కూడా గుర్తొచ్చి ఉంటుంది. కట్టి చూడమని ఇచ్చిన ఎద్దు వెనక్కి రావడం ఆయన దలాలీలో ఎన్నడూ లేదు. తెచ్చుకున్నవాడు దానికి మేత వేస్తాడు, నీళ్లు పెడతాడు, పేరు పెట్టి పిలుస్తాడు. ఆ తరవాత పలుపు విప్పి తోలెయ్యడానికి ఎవడికీ చేతులు రావు. ఈ కిటుకుతో ఆయనే ఎన్నో ఎద్దులను అమ్మాడు. ఇప్పుడు తానే కొన్నాడు.

కాంపోజిట్ గదిలో ఆడపిల్ల భాగ్యం ఒక్కతే. వాకిలి పక్క బెంచీ ఆమెది. మొదటి వారం మగపిల్లలు వెనక నుంచి దగ్గారు, కూతలు కూశారు. లెక్కల అయ్యవారు నల్లబల్ల మీద లెక్క రాసి ఎవరు చేస్తారని అడగడం మొదలుపెట్టినాక దగ్గు తగ్గింది. సాయంత్రాలు ఇంట్లో మెహరున్నీసా వచ్చి కూర్చునేది. నరసింహయ్య సంత నుంచి వచ్చి ఎద్దులకు నీళ్లు పెడుతూ అరుగు మీది అరుపులు వినేవాడు.

“అట్ల గాదే మొద్దూ! అది ఇటు వస్తే గుర్తు మారతాది.”

“యాల మారల్ల? ఇటు వచ్చేదానికి అదేమన్నా వియ్యపురాలా?”

ఆయన దీపానికి చమురు అయిపోయిందని ఎవరూ చెప్పకముందే సీసా తెచ్చి అరుగు మీద పెట్టేవాడు. పెట్టి, ఏమీ ఎరగనట్లు దొడ్లోకి పోయేవాడు.

మూడు నెలల పరీక్షలు అయినాయి. మార్కులు చెప్పిన రోజు భాగ్యం ఇంటికి వచ్చేసరికి నరసింహయ్య అరుగు మీద కూర్చుని ఉన్నాడు. భుజం మీది తువ్వాలు తీసి మోకాళ్ల మీద పరిచాడు. భాగ్యం పుస్తకాలు కింద పెట్టి పక్కన కూర్చుంది. చెయ్యి తువ్వాలు కిందకు పోనిచ్చింది.

అయిదు వేళ్లు ఇచ్చింది. ఆయన పట్టుకున్నాడు. మళ్లీ అయిదు వేళ్లు. పట్టుకున్నాడు. మళ్లీ మళ్లీ ఇస్తూనే పోయింది. ఆయన కనుబొమలు కొంచెం లేచాయి. సంతలో ఎవరూ ఎప్పుడూ చూడనిది అది. కృష్ణవేణమ్మ చేట పట్టుకుని గడప మీద నిలబడి ఓపిక పట్టలేకపోయింది.

“ఏందే, ఎన్నొచ్చినాయి? నాకూ చెప్పండి!”

“బేరం బయట జెప్పగూడదుమా” అంది భాగ్యం.

“తండ్రికి తగిన బిడ్డ. ఒకరితోనే ఏగలేకుంటే ఇద్దరైరి” అని ఆమె చేట నేలకేసి కొట్టి లోపలికి పోయింది. పోతూ నవ్వుకుంది.

వేళ్లు అయిపోయాయి. అయినా నరసింహయ్య చెయ్యి వదలలేదు. పెన్సిలు కాయను బొటనవేలితో ఒకసారి నిమిరాడు. కోడెదూడ నుదురు నిమిరినట్లు.

“ఇంగ ఎనక్కి తోలుకొని రాను” అన్నాడు.

పై ఏడు ఆ దినం మళ్లీ వచ్చింది. బడి వసారాలో నాయనలు, బల్ల వెనక దారి సారు, ఆయన వెనక నల్లబల్ల మీద అవే నాలుగు దారులు. షంషుద్దీన్ పేరు పిలిచారు. ఆయన కూతురిని వెంటబెట్టుకుని వచ్చాడు. ఆ ఊళ్లో ఆయనను తువ్వాలు లేకుండా చూసినవాడు అంతవరకూ లేడు. ఆ రోజు మాత్రం భుజం బోసిగా ఉంది.

తోడు వచ్చిన నరసింహయ్య బెంచీ మీద నుంచి అది చూశాడు.

మెహరున్నీసా తండ్రి భుజం వంక చూసింది. తరవాత తన ఓణీ చెంగు మెల్లగా విప్పి పరిచి, చెయ్యి ముందుకు చాపింది.